కప్పునుండి వచ్చు చల్లదనము

వేసవి సెలవులకు ముందు, మధ్యాహ్నము రెండు గంటలవేళ, రేకులు కప్పిన గదిలో కూర్చుండిన ప్రతి విద్యార్థియు ఎరిగిన సంగతి యొకటి కలదు. పంకా తిరుగుచునే యుండును; గాలి తగులుచునే యుండును. అయినను నడినెత్తిమీద నిప్పుల కుంపటి నుంచినట్లు తోచును. అట్టి సమయమున ఒక పుస్తకమును గాని అట్టముక్కను గాని తలకు జానెడెత్తున పట్టుకొని చూడుడు. వెంటనే తలకు హాయి కలుగును. పుస్తకమును తీసివేసినంతనే మరల ఆ మంట ప్రారంభించును. ఇంతలో గదిలోని గాలి చల్లబడనులేదు, వేడెక్కనులేదు. ఉష్ణమాపకమును పెట్టి చూచినను భేదము కనబడదు. మరి మారినదేమి?

కప్పునకును మన తలకును నడుమ, గాలి సాయము లేకయే, ఏదియో ప్రసరించుచుండెను. దానికి పుస్తకము అడ్డుపడినది. ఇంతియే జరిగినది. ఈ చిన్న సంగతినుండి యొక పెద్ద ప్రశ్న పుట్టును. కప్పు వేడిగా నున్నచో అది దూరమునుండియే మనలను వేచుచున్నది గదా! కప్పును చల్లగా నుంచినచో అది దూరమునుండియే మన వేడిమిని తీసికొనదా? తీసికొనును. ఈ సూత్రమును ఆధారముగా గొని ఇంజనీరులు గదుల పైభాగమున నీటిగొట్టములు గల లోహపు పలకలను వ్రేలాడదీసి, వానిలో చన్నీరు పారించి భవనములను చల్లబరచుచున్నారు. చలిదేశములలో వేడినీరు పారించి వెచ్చజేయుచున్నారు. ఈ పలకలు పనిచేయు విధము, అవి మన రాజయ్యపేటవంటి సముద్రతీర గ్రామమునకు తగునా తగవా యనునది, తగనిచో వానినుండి మనము నేర్చుకొనదగిన దేమి యనునది ఈ వ్యాసమున విచారింతము.

వేడిమి ఒకచోటినుండి మరియొక చోటికి పోవు మార్గములు మూడని భౌతికశాస్త్రమున చదివియున్నాము. పొయ్యిమీది గరిటె కొన కాలినపుడు పిడికూడ వేడెక్కుట వహనము. కాగులోని నీరు అడుగున వేడెక్కి పైకి లేచుచు, పైనున్న చన్నీరు దిగుచు, క్రమముగ నంతయు కాగుట సంవహనము. చలికాలపు వేకువను నెగడుకు ఎదురుగా కూర్చున్నపుడు ముఖము వేడెక్కి వీపు చల్లగానే యుండుట వికిరణము. మొదటి రెండింటికిని ఏదో యొక పదార్థము కావలెను. మూడవదానికి అక్కరలేదు. సూర్యుని వేడిమి శూన్యమును దాటి మనలను చేరుట ఈ మార్గముననే. 1800 సంవత్సరమున విలియం హెర్షెలను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకముచే రంగులుగా విడదీసి, ఎరుపు రంగునకు అవతల కంటికి కనబడని చోట ఉష్ణమాపకము నుంచగా, అదియు పైకి లేచెను. కంటికి కనబడని వేడికిరణములు కలవని అట్లు తెలియవచ్చినది.

ఈ కిరణములను సూర్యుడును నిప్పును మాత్రమే వెదజల్లుననుకొనరాదు. గోడ, బల్ల, మనుష్యుడు, మంచుగడ్డ - సమస్త వస్తువులును వెదజల్లుచుండును. 1879 లో స్టెఫాన్ ప్రయోగములవలనను, 1884 లో బోల్ట్‌జ్‌మన్ సిద్ధాంతమువలనను నిర్ణయించిన నియమము ప్రకారము, వస్తువు వెదజల్లు శక్తి దాని పరమోష్ణోగ్రతయొక్క నాలుగవ ఘాతమును బట్టి పెరుగును. కావున రెండు వస్తువులు ఎదురెదురుగా నున్నపుడు రెండును ఇచ్చును, రెండును పుచ్చుకొనును. వేడిది ఎక్కువ ఇచ్చి తక్కువ పుచ్చుకొనును. చల్లనిది తక్కువ ఇచ్చి ఎక్కువ పుచ్చుకొనును. చల్లనికప్పు మనమీదికి చల్లదనమును విసరుచున్నదని వాడుకగా చెప్పినను, నిజమునకు చల్లదన మనునది ప్రయాణము చేయదు. మన దేహమునుండి బయలుదేరిన వేడిమి తిరిగి రాకుండుటయే చల్లదనముగా తోచుచున్నది.

మన దేహము ఎడతెగక మండు పొయ్యివంటిది. ఊరక కూర్చుండి చదువుకొను మనుష్యుని దేహమునుండి రమారమి 100 వాట్ల వేడిమి వెలువడును. నలువదిమంది కూర్చున్న తరగతిలో ఆ లెక్కను 4,000 వాట్లగును. అనగా నాలుగు విద్యుత్తు ఇస్త్రీపెట్టెలను ముట్టించి గదిలో నుంచినట్లే. ఈ వేడిమి ఎప్పటికప్పుడు బయటికి పోవలెను. మన చర్మముయొక్క ఉష్ణోగ్రత సుమారు 33 లేక 34 డిగ్రీలు. చుట్టునున్న గాలియు గోడలును కప్పును అంతకంటె చల్లగా నున్నంతకాలము వేడిమి సులభముగా పోవును. అవియు 34 డిగ్రీలను చేరినచో చెమటయొక్కటే గతి. చెమట ఆరినపుడు గుప్తోష్ణమును తనతో తీసికొనిపోవును. కాని సముద్రపుగాలి తేమతో నిండియున్నందున మన తీరమున చెమట కారునే గాని త్వరగా ఆరదు. మెట్టసీమలవారికి 40 డిగ్రీలలో కలుగు బాధ మనకు 35 డిగ్రీలలోనే కలుగుటకు కారణ మిదియే.

దీనికితోడు కప్పు. మన తీరగ్రామములలో ఒకప్పుడు తాటియాకుల యిండ్లే మెండు. తాటియాకు ఎండను లోనికి రానీయదు. ఆకుల సందులలో గాలి యుండును. సాయంకాల మైనంతనే చల్లారును. కాని తుపాను వచ్చినపుడు అది నిలువదు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమువద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మొదలగువానిని చూచినవారు సిమెంటు కప్పును కోరుటలో తప్పేమియు లేదు. కాని తుపానునుండి కాపాడిన ఆ కప్పే వేసవిలో పగతీర్చుకొనును. పగలెల్ల ఎండను త్రాగి, ఆ వేడిమి కొన్ని గంటలకు అడుగుభాగమును చేరి, మనము అన్నము తిని పండుకొను వేళకు క్రిందికి దిగును. బయట చల్లగాలి వీచుచున్నను ఇంటిలోపల నిద్రపట్టదు. మేడమీద పండుకొన్నవారు, క్రింద పండుకొన్నవారు ఒకే గాలిని పీల్చుచున్నను, ఒకరికి నక్షత్రములు కప్పు, మరియొకరికి వేడి సిమెంటు కప్పు. భేదమంతయు అందే యున్నది.

ఇక లెక్క చూతము. మనము నివసించు ఉష్ణోగ్రతలలో, ఎదురెదురుగా నున్న రెండు తలముల నడుమ ఒక్కొక్క డిగ్రీ భేదమునకు, చదరపు మీటరు ఒక్కింటికి సుమారు అయిదారు వాట్ల వేడిమి వికిరణముచే మారును. మన దుస్తులమీది ఉష్ణోగ్రత 34 డిగ్రీలును, కప్పు అడుగు 42 డిగ్రీలును అనుకొందము. 8 డిగ్రీల భేదమునకు చదరపు మీటరునకు 40 వాట్లకుపైగా మనమీదికి దిగుచుండును. దీనికి మారుగా దుస్తులు 30 డిగ్రీలును, పైనున్న పలక 17 డిగ్రీలును ఉన్నవనుకొందము. 13 డిగ్రీల భేదమునకు సుమారు 70 వాట్లు మననుండి పైకి పోవుచుండును. మొదటి కప్పు మనకు అప్పు మోపుచున్నది. రెండవది మన అప్పును తీర్చుచున్నది. కదలని గాలిలో కూర్చున్నవానికి గాలియొక్క ఉష్ణోగ్రతయు చుట్టునున్న తలముల సగటు ఉష్ణోగ్రతయు ఇంచుమించు సమానముగా లెక్కకు వచ్చును. కావున గాలి 28 డిగ్రీలున్నను, చుట్టుగల తలములు సగటున 22 డిగ్రీలున్నచో, 25 డిగ్రీల గదిలో నున్నట్లే తోచును.

ఈ పలకల నిర్మాణమున మర్మమేమియు లేదు. అల్యూమినియపు రేకు గాని ఉక్కురేకు గాని బల్లపరుపుగా కోయుదురు. దాని వీపుమీద సన్నని రాగిగొట్టమును పాముమెలికలుగా త్రిప్పి, రేకునకు గట్టిగా నతుకునట్లు బిగింతురు. గొట్టమునకును రేకునకును సందున్నచో వహనము చెడును గనుక ఈ అతుకే ముఖ్యము. దానిపైన దూదివంటి గాజునారను పరతురు. పైనున్న వేడి సిమెంటు కప్పునుండి వేడిమి దిగకుండ అది ఉష్ణబంధకముగా పనిచేయును. ఇట్లు సిద్ధమైన పలకలను ఇనుపకడ్డీలతో కప్పునుండి వ్రేలాడదీసి, గొట్టములను ఒకదానితో నొకటి కలిపి, చన్నీటియంత్రమునకు తగిలింతురు. నీరు పోవును, వేడిమిని తీసికొని వచ్చును, మరల చల్లారి పోవును. రేకునకు సన్నని రంధ్రములు చేసినచో గదిలోని సద్దును గూడ కొంత మ్రింగును.

ఇచ్చట నొక వింత కలదు. పలక క్రిందిభాగమున మెరుగుపెట్టిన లోహము తళతళలాడుచుండిన బాగుండునని తోచవచ్చును. అది పొరపాటు. తళతళలాడు లోహము వేడికిరణములను త్రిప్పికొట్టునే గాని పుచ్చుకొనదు. అందుచే పలకకు రంగు పూయుదురు. తెల్లరంగైనను నల్లరంగైనను భేదము స్వల్పమే; కంటికి కనబడని కిరణముల విషయమున మామూలు రంగులన్నియు ఇంచుమించు నల్లనివే. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. వ్యాసము చివర దీనితో పని కలదు.

ఈ పద్ధతి మొదట చలిని పోగొట్టుటకు పుట్టినది. 1907 లో ఆంగ్లదేశమున ఆర్థర్ బార్కరను ఇంజనీరు, వేడినీటి సన్నగొట్టములను గచ్చులోను కాంక్రీటులోను పూడ్చినచో ఆ తలమంతయు గదిని వెచ్చజేయునని కనిపెట్టెను. తరువాత గొట్టములను పూడ్చుటకు బదులు లోహపు పలకలకు బిగించి వ్రేలాడదీయు పద్ధతి వచ్చెను. 1953 లో అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున అల్యూమినియము కంపెనీవారు కట్టిన ముప్పది యంతస్తుల ఆల్కోవా భవనములో వేడిమికిని చల్లదనమునకును కప్పునే యుపయోగించిరి. మనకు చలిబాధ లేదు గాని, మన తీరమునకు చేరువనే మన్యములోని లంబసింగిలో శీతకాలపు రాత్రులు గడ్డకట్టు చలికి సమీపించును. అట్టిచోట ఈ పలకలలో వేడినీరు పారించినను పనిచేయును. అయితే వేడెక్కిన గాలి పైకి లేచు స్వభావము గలది గనుక, వేడిపలక క్రింది గాలి అచ్చటనే నిలిచిపోవును. అప్పుడు పని యంతయు వికిరణమే చేయవలెను. చన్నీరు పారునపుడో, పలకను తాకిన గాలి చల్లబడి బరువెక్కి తానై క్రిందికి దిగును. సంవహనము కూడ తోడ్పడును. కావున ఈ పలకలు శీతదేశమున పుట్టినను, చల్లబరచు పనిలో వానికి సంవహనముకూడ చేయి కలుపును.

గాలినే చల్లార్చి పంపక నీటిని వాడుట యెందులకు? మన తరగతిలోని 4,000 వాట్ల వేడిమిని గదినుండి తీసివేయవలె ననుకొందము. నీరు మూడు డిగ్రీలు వేడెక్కి తిరిగి వచ్చునట్లు ఏర్పరచినచో నిమిషమునకు 19 లీటర్ల నీరు చాలును. అంగుళపు గొట్టములో అది సునాయాసముగా పోవును. అదే పనిని పది డిగ్రీలు చల్లార్చిన గాలిచే చేయింపవలెనన్న నిమిషమునకు రమారమి 20,000 లీటర్ల గాలి కావలెను; దానికి అడుగు వెడల్పు అడుగు ఎత్తు గల రేకుగొట్టము కావలెను. అంత గాలిని త్రోయు పంకాలకు విద్యుత్తు ఖర్చు, చప్పుడు, తలమీద చల్లగాలి సూటిగా కొట్టుట - ఇవి యన్నియు అధికము. నీటికిగల విశిష్టోష్ణమును బరువును ఇట్లు ఉపయోగమునకు వచ్చుచున్నవి.

రెండవ లాభము మరియు ముఖ్యమైనది. శీతలయంత్రము చేయునది నూతిలోనుండి నీరు తోడుటవంటి పని. వేడిమి తనంతట తాను వేడిచోటినుండి చల్లనిచోటికే పోవును. దానిని చల్లనిచోటినుండి వేడిచోటికి ఎత్తిపోయవలెనన్న కష్టపడవలెను. నుయ్యి యెంత లోతైన అంత కష్టము. గాలిని చల్లార్చు మామూలు పద్ధతిలో నీటిని సుమారు 7 డిగ్రీలవరకు చల్లార్తురు. కప్పు విశాలమైనది గనుక పలకలకు 15 డిగ్రీల నీరు చాలును. బయటి గాలి 35 డిగ్రీలున్నపుడు మొదటిది 28 డిగ్రీల లోతు. రెండవది 20 డిగ్రీల లోతు. లోతు తగ్గినకొలది విద్యుత్తు తగ్గును.

ఇది కాగితముమీది మాట మాత్రము కాదు. దీనికి మన తెలుగుదేశమున చక్కని పరీక్ష జరిగినది. హైదరాబాదు చెంత పోచారమున ఇన్ఫోసిస్ కంపెనీవారు సుమారు రెండున్నర లక్షల చదరపుటడుగుల కార్యాలయ భవనము నొకదానిని కట్టిరి. ఆ భవనము రెండు సమభాగములు. రెండును ఒకే తీరువి. ఒక సగమునకు, బాగుగ తీర్చిదిద్దిన మామూలు గాలిపద్ధతి నుంచిరి. రెండవ సగమునకు కప్పుల కాంక్రీటులోనే గొట్టములు పూడ్చి చన్నీరు పారించిరి. 2011 లో ఉద్యోగులు అందు ప్రవేశించిరి. ఒకే ఎండ, ఒకే పని, ఒకే కట్టడము. భేదము చల్లబరచు పద్ధతియందు మాత్రమే. తరువాత ప్రకటించిన లెక్కలలో, చన్నీటికప్పు గల సగము చల్లదనము నిమిత్తము నూటికి సుమారు 34 వంతులు తక్కువ శక్తిని వాడినట్లు తేలినది. కట్టుటకైన ఖర్చు రెండింటికిని ఇంచుమించు సమానమే.

పోచారమున వాడినది కప్పులో పూడ్చిన గొట్టములు. మనము చెప్పుకొన్నవి వ్రేలాడు పలకలు. రెండింటి సూత్రము నొక్కటే. కాంక్రీటు బరువైనది గనుక నెమ్మదిగా చల్లబడి నెమ్మదిగా వేడెక్కును. ఉదయమున పనివేళకు ముందే నీరు పారింపవలెను. పలక తేలికైనది గనుక కొద్ది నిమిషములలోనే పనికి వచ్చును. చెడినచో దించి బాగుచేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, కట్టి ముగించిన పాతభవనములలో గూడ దానిని తగిలింపవచ్చును. అయితే లోహము, గొట్టములు, అతుకులు అధికమగుటచే వెల ఎక్కువ.

ఇంతవరకు గుణములు చెప్పితిమి. ఇక దోషమును చెప్పకుండుట న్యాయము కాదు. వేసవిలో మంచినీటి కూజాకు గాని, మంచుముక్కలు వేసిన గ్లాసునకు గాని పైన చెమట పట్టుట చూచియున్నాము. అది లోపలి నీరు బయటికి వచ్చుట కాదు. గాలిలోని ఆవిరి చల్లని తలమును తాకి నీరగుటయే. ఏ ఉష్ణోగ్రతవద్ద ఆవిరి ఇట్లు నీరగుట ప్రారంభించునో దానిని తుషారస్థాన మందురు. గాలిలో తేమ ఎక్కువైనకొలది తుషారస్థానము పైకి జరుగును.

ఇప్పుడు రెండు దినములను పోల్చి చూతము. హైదరాబాదులో మే నెల మధ్యాహ్నమున గాలి 40 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత నూటికి 25 వంతులు అనుకొందము. తుషారస్థానము సుమారు 16 డిగ్రీలు. అచ్చట 17 డిగ్రీల పలక పొడిగానే యుండును. రాజయ్యపేటలో గాలి 33 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 70 వంతులు అనుకొందము. తుషారస్థానము సుమారు 27 డిగ్రీలు! ఈ గాలిలో 17 డిగ్రీల పలకను వ్రేలాడదీసినచో కొద్దిసేపటికే అది చెమర్చును. పిదప చుక్కలుగా పుస్తకములమీద రాలును. పలకను 28 డిగ్రీలవద్ద నుంచినచో రాలదు గాని, చల్లబరచు శక్తియు మిగులదు. ఉష్ణోగ్రతను చూచి హైదరాబాదు వేసవి కఠినమని మనమనుకొందుము. ఈ పలకల విషయమున కఠినమైనది మన తీరమే. హైదరాబాదులో సైతము వానకాలమున తేమ పెరుగుటచే ఈ చిక్కు తప్పదు.

దీనికి ఇంజనీరులు కనిపెట్టిన ఉపాయము, పనిని రెండుగా పంచుట. వేడిమిని తీయు పని పలకలది. తేమను తీయు పని వేరొక చిన్న యంత్రముది. ఊపిరికి కావలసినంత బయటిగాలిని మాత్రమే ఆ యంత్రము లోనికి తీసికొని, తేమను పిండివేసి, పొడిగాలిని గదిలోనికి పంపును. పోచారమునను ఇట్లు పొడిచేసిన గాలిని వేరుగా పంపుచున్నారు. గది 26 డిగ్రీలు, ఆర్ద్రత నూటికి 50 వంతులు ఉండునట్లు చేసినచో తుషారస్థానము సుమారు 15 డిగ్రీలకు దిగును. 17 డిగ్రీల పలక నిర్భయముగా పనిచేయును. మనుష్యులు విడుచు ఊపిరిలోను చెమటలోను ఉన్న తేమనుకూడ ఆ పొడిగాలియే మోసికొనిపోవలెను. పలక దానిని తీయజాలదు. పలకవద్ద తేమను పసిగట్టు చిన్న పరికరము నుంచి, చెమర్చుటకు ముందే నీటిని ఆపునట్లు ఏర్పరతురు. కాని ఇవి యన్నియు తలుపులు కిటికీలు మూసియుంచినపుడే సాగును. ఒక్క కిటికీ తెరచినచో సముద్రము లోనికి వచ్చినట్లే.

కావున మన ప్రశ్నకు ప్రత్యుత్తరము స్పష్టముగా చెప్పవచ్చును. మూసియుంచు గదులు గల ఆసుపత్రులకు, కార్యాలయములకు, గాలిని పొడిచేయు యంత్రమునకు వెచ్చింపగలవారికి ఈ పలకలు మన తీరమునను తగును. కిటికీలే ఊపిరిగాగల మన పల్లెటూరి యిండ్లకును బడిగదులకును నేడు తగవు. అంతమాత్రమున ఈ శాస్త్రము మనకు అక్కరలేనిదని తలపరాదు. పలకలోని చన్నీరు మనకు అందకపోవచ్చును. పలకలోని సూత్రము అందకపోదు. కప్పు మనలను చల్లబరుపలేకున్నను, వేచకుండ చేయవచ్చును.

మొదటిది, కప్పుమీద సున్నము. తెల్లని తలము ఎండలో పెద్దభాగమును వెంటనే త్రిప్పి పంపును. త్రాగనివాడు కక్కనక్కర లేనట్లు, ఎండను త్రాగని కప్పు రాత్రి వేడిమిని దింపదు. వేసవికి ముందు రెండు పూతలు సున్నము వేయుట కూలివానికిని సాధ్యమే. తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని కప్పుల కొరకు ప్రత్యేక విధానమునే ప్రకటించినది. రెండవది, కప్పుపైన నీడ. మేడమీద తాటియాకుల పందిరి వేసినచో ఎండ సిమెంటును తాకనే తాకదు. తుపాను హెచ్చరిక వచ్చినపుడు పందిరిని విప్పి దింపవచ్చును, కప్పు నిలిచియుండును. తాతల యిల్లును మనుమల యిల్లును ఇట్లు ఒకదానిమీద నొకటి చేరి యొకదాని లోపమును మరియొకటి తీర్చును.

మూడవది, రేకుల క్రింద వ్రేలాడు చాప. ఇదియే బీదవాని వ్రేలాడు పలక. రేకునకు జానెడు క్రిందుగా ఈతచాపలనో వెదురు తడికలనో కట్టి, రెండు చివరల గాలి పోవుటకు సందు విడిచినచో, రేకు వెదజల్లు కిరణములు చాపమీద ఆగును. నడుమనున్న వేడిగాలి సందులగుండ బయటికి పోవును. మనకు కనబడునది నిప్పువంటి రేకు కాదు, గదిగాలికి దగ్గరగా చల్లనైన చాప. చాపకు పైభాగమున తళతళలాడు అల్యూమినియపు కాగితము నతికించినచో మరియు మేలు. పలకకు పనికిరాదని మనము తోసివేసిన ఆ తళతళయే ఇచ్చట పనికివచ్చును. కిరణములను త్రిప్పికొట్టుటయే గదా ఇచ్చట మనకు కావలసినది! వంటయింటిలో మాత్రము ఇట్టి చాపలు కట్టరాదు. నిప్పురవ్వ భయము కలదు.

ఇవి స్వల్పవిషయములని కొందరు నవ్వవచ్చును. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశములోనే వేయిమందికి పైగా మరణించిరి. వడదెబ్బ ఎండలో పనిచేయువారిని మాత్రమే కాదు, రాత్రులయందుకూడ చల్లారని గదులలో పండుకొను వృద్ధులను, పసిపిల్లలను సైతము పట్టును. పగలెల్ల అలసిన దేహమునకు రాత్రి కొంత చల్లదనము దొరకినచో మరునాటి ఎండను తట్టుకొనగలదు, దొరకనిచో తట్టుకొనలేదు. కప్పు అడుగున అయిదు డిగ్రీలు తగ్గించుట అట్టివారికి సుఖమునకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించినది.

చివరకు విద్యార్థులకు ఒక ప్రయోగము. మెరుగుగల స్టీలు గ్లాసులో సగమువరకు నీరు పోయుడు. ఉష్ణమాపకము నందుంచి, చిన్న చిన్న మంచుముక్కలు ఒక్కొక్కటిగా వేయుచు కలియబెట్టుడు. గ్లాసు వెలుపల మొట్టమొదట మసకపొర కనబడిన క్షణమున ఉష్ణోగ్రతను గుర్తించుడు. అదియే ఆ దినపు తుషారస్థానము. జనవరిలో నొకసారి, మే నెలలో నొకసారి, వానకాలమున నొకసారి చేసి, గోడమీది పట్టికలో వ్రాసియుంచుడు. ఆ అంకె ఎంత తక్కువైన, చల్లని పలకలు మన గ్రామమునకు అంత దగ్గరగా వచ్చినట్లు. ఎంత ఎక్కువైన, సున్నమును చాపయు అంత అవసరమైనట్లు. యంత్రములను కొనుటకు ధనము కావలెను గాని, మన తలమీది కప్పు మనకేమి చేయుచున్నదో తెలిసికొనుటకు ఒక గ్లాసును, ఒక ఉష్ణమాపకమును, తలపై జానెడెత్తున పట్టుకొన్న ఒక పుస్తకమును చాలును.